పై వాటాకి ఇరవై రెండు మెట్లు

జులై 2

నేను ఫోన్‌తో ఆడుకుంటున్నానట. పొద్దున అన్నయ్య అమ్మతో అంటుంటే విన్నాను, డిగ్రీ చదివించింది రోజంతా ఫోన్ గీకడానికా అని. అమ్మ ఎప్పట్లాగే, పోనీలేరా దానికదో సరదా, అంది. తిట్టినవాడి మీద కన్నా వెనకేసుకొచ్చిన మనిషి మీదే ఎక్కువ మండింది. సరదా ఏమిటి? పై వాటా ఫొటోలు రోజు అద్దెల సైటులో పెట్టి, అడిగేవాళ్లకి జవాబులు రాసి, వచ్చేవాళ్లకి దుప్పట్లు మార్చి, పోయేవాళ్ల వెనక బాత్రూం కడిగేది సరదా అయితే, అన్నయ్య ఆఫీసుకెళ్లి కుర్చీలో కూర్చోవడాన్ని ఏమనాలి?

షరతు మళ్లీ గుర్తు చేశాడు. ఆగస్టులో పదిహేను రోజులు బుకింగులతో నిండితే పై వాటా నా చేతిలో ఉంటుంది. నిండకపోతే ఎవరికైనా నెల అద్దెకిచ్చేస్తాడు, నేను తన స్నేహితుడి టైల్స్ కంపెనీలో బిల్లులు కొట్టడానికి చేరాలి. ముందు కాగితం మీద రాసుకుందాం అన్నాను. నవ్వి, ఇంట్లోవాళ్ల మధ్య కాగితాలేమిటే, అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

జులై 5

మూడు వీధుల అవతల ఎముకల ఆసుపత్రి ఉంది. ఊళ్ల నుంచి మోకాళ్లు పట్టుకుని వచ్చేవాళ్లు, వాళ్లని పట్టుకుని వచ్చేవాళ్లు, నాలుగైదు రోజులు ఉండటానికి చోటు వెతుక్కుంటారు. వాళ్లే నాకు దిక్కు. అందుకే ఈ వారం మొదటి ఫొటో మార్చాను. మంచం బదులు కిటికీ పెట్టాను, సాయంత్రపు వెలుతురులో. కనీసం మూడు రోజులు ఉండాలన్న నియమం తీసేసి రెండు చేశాను. "ఆసుపత్రికి ఐదు నిమిషాలు" అని పేరులోనే పెట్టాను.

సైటు వారం వారం లెక్క పంపుతుంది. చూసినవాళ్లు రెండొందల పద్నాలుగు. గుండె గుర్తు పెట్టి దాచుకున్నవాళ్లు ముప్ఫై ఒకటి. ప్రశ్న అడిగినవాళ్లు తొమ్మిది. బుక్ చేసినవాళ్లు ఒక్కరు.

పెళ్లిచూపులకి వచ్చి ఇల్లు బాగుందని మెచ్చుకుని వెళ్లిపోయినట్టుంది వ్యవహారం.

జులై 6

ప్రశ్న అడిగినవాళ్లు తొమ్మిది అంటుంది సైటు. నా దగ్గరికి వచ్చినవి అయిదు.

జులై 7

మళ్లీ లెక్కపెట్టాను. అయిదే.

జులై 9

సైటువాళ్లకి రాశాను. లెక్కలో తప్పు లేదని జవాబొచ్చింది. పైగా మీరు చాలా త్వరగా జవాబిస్తున్నారని మెచ్చుకున్నారు. దాదాపు సగం జవాబులు పదకొండు నిమిషాల్లోపే వెళ్తున్నాయట. నేను ఏ ప్రశ్నకీ గంటకి తక్కువ తీసుకోలేదు. పొగిడితే భయం వేయడం ఇదే మొదటిసారి.

జులై 12

ఎవరూ లేరు.

జులై 13

ఎవరూ లేరు. అన్నయ్య మెట్ల కింద నిలబడి పైకి చూసి, ఏం మేనేజరుగారూ, ఈగలున్నాయా పైన, అన్నాడు. వదిన కిసుక్కుమంది. నాన్న పేపరు మడిచి లోపలికెళ్లిపోయారు.

వదిన నవ్వింది. రాసి పెట్టుకుంటున్నాను.

జులై 17

ఇవాళ ఒక సంగతి పట్టుకున్నాను. నాకొచ్చిన ప్రశ్నలన్నీ వరసగా పెట్టి వేళలు చూశాను. పది, పన్నెండు, నాలుగు, ఏడు. తెల్లారుజామున వచ్చింది ఒక్కటి లేదు. ఆసుపత్రి పనిమీద బయల్దేరేవాళ్లకి పొద్దున్నే కదా ఆత్రం? ఎనిమిదికి ముందు ఈ ప్రపంచంలో ఎవరికీ అద్దె గది అక్కర్లేదా?

నేను ఎనిమిదికి లేస్తాను. అంటే నేను లేచేలోగా ఎవరో నా గుమ్మం ఊడ్చేస్తున్నారు.

జులై 18

సైటులో ఒక మూల, మీరు ఏయే పరికరాల్లో తెరిచి ఉన్నారు అని ఉంటుంది. నాది రెండు చోట్ల తెరిచి ఉంది. ఒకటి నా ఫోను. రెండోది హాల్లో ఉండే ట్యాబు. మొదటి రోజు అందరికీ ఫొటోలు చూపించడానికి నేనే అందులో తెరిచాను, మూయడం మర్చిపోయాను. ఆ రోజు అన్నయ్య ఒక ఫొటో చూసి లేచిపోయాడు. అమ్మ అన్నీ బాగున్నాయంది. నాన్న కళ్లజోడు సవరించుకుని కిటికీ ఫొటో చాలాసేపు చూసి, మన కిటికీ అంత పెద్దదా, అన్నారు.

ట్యాబు ఎక్కువగా వాడేది వదిన. మధ్యాహ్నం కుట్టుపని వీడియోలు చూస్తుంది.

వెంటనే ట్యాబులో మూసేద్దామనుకున్నాను. మూస్తే దొంగ జాగ్రత్తపడుతుంది. ఉంచాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను.

జులై 19

వదినకి కారణం కూడా ఉంది. పోయినేడాది ఎండల్లో, పైన గాలి బాగా వస్తుంది, మేం పైకి మారితే బాగుండు, అంది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను.

జులై 24

మొన్న వచ్చిన దంపతులు ఇవాళ వెళ్లారు. వాళ్ల నాన్నకి తుంటి ఎముక ఆపరేషన్. ఆవిడ బడిపంతులమ్మ. తాళం చేతికిస్తూ, "మీరు మెట్లు లెక్కపెట్టి చెప్పారు చూడండి, ఆ ఒక్క మాటకే ఇక్కడికొచ్చాం. మిగతావాళ్లంతా సౌకర్యంగా ఉంటుందండీ అన్నవాళ్లే," అంది.

నేను మెట్ల గురించి ఎవరికీ ఒక్క ముక్క రాయలేదు. రాయకూడదనే రాయలేదు. ఎన్ని మెట్లున్నాయో కూడా నాకు తెలీదు.

ఆవిడ వెళ్లాక లెక్కపెట్టాను. ఇరవై రెండు.

రోజూ మెట్లు తుడిచేది వదిన.

జులై 25

అడిగేశాను. డాబా మీద ఇద్దరం దుప్పట్లు ఆరేస్తుంటే. అరవలేదు, మామూలుగానే అడిగాను. (కొంచెం గట్టిగానే అన్నానేమో. పక్కింటావిడ కిటికీ తీసింది.) నా పేరుతో జవాబులు రాసి, అడిగినవాళ్లని పంపించేస్తున్నావు కదా, పై వాటా నీక్కావాలి కదా, అని అడిగాను.

వదిన చేతిలోని క్లిప్పులన్నీ ఒక్కొక్కటే తీగకి పెట్టింది. తర్వాత అంది:

"నన్నొక్కదాన్నే అనుమానిస్తే ఎలా? ఈ ఇంట్లో మిగతావాళ్లకి చిన్నతనంగా ఉండదూ?"

బకెట్ తీసుకుని దిగిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి కదా. తడుముకోలేదు. అదీ అనుమానంగానే ఉంది.

జులై 26

వదిన నాతో మాట్లాడటం లేదు. అన్నయ్యకి చెప్పలేదు. చెప్పి ఉంటే ఈపాటికి ఇల్లు ఎగిరిపోయేది. ఎందుకు చెప్పలేదు?

జులై 27

పిచ్చుకకి ఫోన్ చేశాను. కాలేజీలో నా పక్క బెంచీ. గింజలు ఏరుకున్నట్టు తినేదని ఆ పేరు. వాళ్ల అత్తకి మోకాలి నొప్పి అన్నట్టు, సెప్టెంబరులో గది కావాలన్నట్టు నాకు ప్రశ్న పంపమన్నాను. తెల్లారి అయిదింటికి. అయిదింటికి మా అమ్మ పిలిస్తేనే పలకనే, అంది. అలారం పెట్టుకుని పడుకో, ఒక్క రోజు, అన్నాను. ఏం అడగాలో మూడు ప్రశ్నలు చెప్పి రాయించాను.

జులై 29

పిచ్చుక ఫొటో తీసి పంపింది. అయిదు గంటల రెండు నిమిషాలకి అడిగితే అయిదు గంటల పదకొండుకి జవాబు. నా పేరు, నా ఫొటో, కింద ఇది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"నమస్కారం. మీ విచారణ అందినది. మీరు అడిగినవి మూడు.

ఒకటి. మెట్లు ఇరవై రెండు. పదకొండో మెట్టు వద్ద మలుపు కలదు, అక్కడ పట్టుకొనుటకు కమ్మీ లేదు. మోకాలి ఆపరేషన్ అయిన వారికి తగదు. వారితో వచ్చిన వారికి తగును.

రెండు. ఆసుపత్రి నడకన పద్నాలుగు నిమిషాలు. ఐదు నిమిషాలు అని పైన ఉన్నది ఆటోలో, రద్దీ లేనప్పుడు. కిటికీ ఫొటోలో కనిపించినంత పెద్దది కాదు.

మూడు. సెప్టెంబరు నెలకు వాటా ఉండదు. ఒకటో తేదీ నుండి దంత వైద్యునికి ఇవ్వడం జరిగినది. ఆసుపత్రి గేటు ఎదుట లాడ్జి ఉన్నది. లిఫ్టు పనిచేయుచున్నది, స్వయంగా చూచితిని. అచ్చట ప్రయత్నించగలరు."

రెండో వాక్యం దగ్గరే తెలిసిపోయింది. ముప్ఫై ఒక్కేళ్లు బస్‌స్టాండులో ఎంక్వయిరీ కౌంటర్ కిటికీ వెనక కూర్చున్న మనిషి తప్ప ఈ ఇంట్లో ఇంకెవరూ ఇలా రాయరు.

మూడో జవాబు మాత్రం చాలాసార్లు చదివాను.

అదే రోజు, సాయంత్రం

నాన్న వరండాలో ఉన్నారు. ట్యాబు ఆయన ఒళ్లో ఉంది. నా ఫోన్లో ఫొటో చూపించాను. కళ్లజోడు తుడుచుకుని మొత్తం చదివి, తప్పేమైనా ఉందా, అని అడిగారు. ఆయన భయపడింది దానికి.

కోప్పడకుండా ఒక్కొక్కటే అడిగాను. నువ్వు ఎనిమిదింటిదాకా లేవవు, వాళ్లు అయిదింటికే అడుగుతారు, అడిగినవాణ్ని కిటికీ ముందు నిలబెట్టి ఉంచకూడదు, అన్నారు. ఆసుపత్రికి రెండుసార్లు నడిచి టైము చూసుకున్నారట. జవాబిచ్చిన చీటీ బల్ల మీద ఉంచితే మళ్లీ అదే చేతికొస్తుంది, అందుకని సొరుగులో పెట్టేవాణ్ని, అన్నారు. సైటులో పాత ఉత్తరాలు పక్కకి సర్దే డబ్బా ఒకటుంది. అదే ఆయన సొరుగు. ఆ డబ్బా ఉందని నాకు తెలీదు. కంప్యూటర్లు చదివింది నేను.

"నా పేరుతో ఎందుకు రాశారు?"

"కౌంటర్లో కూడా నా పేరుండేది కాదుగా."

పళ్ల డాక్టరు సంగతి అడిగాను. మే నెలలోనే అన్నయ్య మాటిచ్చాడట. కింద గేటు పక్కన బోర్డు ఎంత ఉండాలో కూడా మాట్లాడుకున్నారట. రెండు నెలలు ఆడుకోనివ్వండి, దానికే విసుగొచ్చి వదిలేస్తుంది, అప్పుడు మనం కాదన్నట్టు ఉండదు, అన్నాడట. అమ్మకి తెలుసు. వదినకి తెలుసు. నేను జులై రెండున కాగితం అడిగినప్పుడు అన్నయ్య ఎందుకు నవ్వాడో ఇప్పుడు నాకూ తెలుసు.

"ముక్కూ మొహం తెలీనివాళ్లకి చెప్పారు. నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. తప్పించుకోవడానికి కాదు. సరైన జవాబు కోసం వెతికేటప్పుడు ఆయన కింది పెదవి లోపలికి పోతుంది.

"అడిగినవాళ్లకి చెప్పాను. నువ్వు అడగలేదు."

జులై 30

తప్పు నాదేనని వదినకి చెప్పాలి.

జులై 31

సొరుగు మొత్తం చదివాను. ముప్ఫై ఆరు ఉన్నాయి. కుక్కలున్నాయా అంటే, వీధిలో నాలుగు, గోధుమరంగుది మాత్రం కొత్తవాళ్లని చూసి మొరుగును, కరవదు, అని. నీళ్లు ఎప్పుడొస్తాయంటే నిమిషాలతో సహా. ఎదురింట్లో చంటిబిడ్డ ఉన్నది, మధ్యాహ్నం ఏడ్చును, అని కూడా రాశారు. ఎవరూ అడగకపోయినా.

ఇవన్నీ చూసి వెళ్లిపోయినవాళ్లు చాలామందే. వాళ్లని తిట్టుకుంటూ చదివాను. తర్వాత బుకింగుల జాబితా తీసి పక్కన పెట్టుకున్నాను. ఇప్పటిదాకా నాకు ఎనిమిది బుకింగులు. అందులో ఆరు ఈ సొరుగులోంచి వచ్చినవి.

కిటికీ ఫొటో మార్చడం వల్ల వచ్చాయని పిచ్చుకకి గొప్పలు చెప్పుకున్నది ఆ ఆరింటి గురించే. బుకింగ్ రాగానే ముందే రాసి పెట్టుకున్న స్వాగతం ఒకటి దానంతటదే వెళ్తుంది, నేను తేదీలు చూసి సంబరపడతాను. వేలితో కాస్త పైకి జరిపి ఉంటే అంతకుముందు వాళ్లకి ఎవరేం రాశారో అప్పుడే కనిపించేది. పైకి జరపలేదు. శుభవార్త వచ్చినప్పుడు ఎవరు పైకి జరుపుతారు.

ఆగస్టు 1

పేజీ మొత్తం తిరగరాశాను. పేరు: "పై వాటా, ఇరవై రెండు మెట్లు, లిఫ్టు లేదు". ఆసుపత్రికి నడకన పద్నాలుగు నిమిషాలు. కిటికీ ఫొటో పగటి పూట మళ్లీ తీశాను, ఎదురింటి గోడతో సహా. మెట్ల మలుపు ఫొటో కూడా పెట్టాను. మోకాలి ఆపరేషన్ అయినవారికి తగదు, తోడు వచ్చినవారికి తగును. ఆ వాక్యం ఒక్క అక్షరం మార్చలేదు.

ఇది నాన్న మీద ప్రేమ కొద్దీ చేసింది కాదు. పనిచేస్తోంది కాబట్టి చేశాను.

సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు తేదీలు తెరిచి పెట్టాను. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే నాకు తెలియనట్టే కదా.

ఆగస్టు 5

చూసినవాళ్లు తగ్గారు. నూట నలభై. గుండె గుర్తులు పన్నెండు. బుకింగులు నాలుగు.

ఆగస్టు 8

అన్నయ్య ఇవాళ నాతో బాగా మాట్లాడాడు. టైల్స్ కంపెనీలో ఏసీ ఉంటుందట. ఆఫీసు బండే వచ్చి తీసుకెళ్తుందట. సరే అన్నయ్యా అన్నాను. నేను సరే అనడం చూసి కాస్త అనుమానంగా చూశాడు. చూడనీ. ఈ ఇంట్లో ఆ పని ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే చేశాను.

ఆగస్టు 9

వదినకి ఇవాళా చెప్పలేదు.

ఆగస్టు 11

దుప్పట్లు మడతపెడుతుంటే వదిన వచ్చి రెండో కొస పట్టుకుంది. ఆరు దుప్పట్లు మడిచాం. చివరిదాని దగ్గర, డాక్టరు కుర్చీ ఆ మెట్ల మీంచి ఎక్కదు, మలుపు దగ్గర తిరగదు, నేను మీ అన్నయ్యకి చెప్పాను, వినలేదు, అంది.

పైకి మారాలని లేదా నీకు, అని అడిగాను. ఆ ఎండలు పోయాయిగా, అంది.

ఆగస్టు 16

పదిహేను రోజులు నిండాయి. ఇంకా నెల సగం ఉంది. ఫోన్ తీసుకెళ్లి అన్నయ్యకి చూపించాను. చూద్దాంలే, అన్నాడు. ఏం చూద్దాం అన్నాను. అదే, నెలాఖరుకి చూద్దాం. వేలితో పైకి కిందికి జరిపాడు. సెప్టెంబరు కనిపించింది. మొదటి వారం, రెండో వారం నిండుగా ఉన్నాయి.

ఇదేంటి, అన్నాడు. బుకింగులు, అన్నాను.

తర్వాత జరిగిందంతా రాసే ఓపిక లేదు. మాటిచ్చాను, మాటిచ్చాను అని అన్నాడు చాలాసార్లు. ఎవరికి, ఎప్పుడు అని అడిగాను. మేలో అని చెప్పలేకపోయాడు. అమ్మ, అన్నని నిలదీస్తావా అంది. నాన్న పేపరు చదువుతూనే ఉన్నారు. నేను చూశాను, పేజీ తిప్పలేదు.

ఆగస్టు 17

రద్దు చెయ్యమంటున్నాడు. ఒక్క నొక్కు నొక్కితే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతమా అంటున్నాడు. ఆ నొక్కు అవతల ఎవరున్నారో చెప్పాను. సెప్టెంబరు మూడున ఒకాయన భార్యని తీసుకొస్తున్నాడు, వెన్నెముక ఆపరేషన్. ఆవిడ ఆసుపత్రిలో, ఆయన మన పైన. మెట్లు తనకి ఇబ్బంది కాదని, పొద్దున్నే టీ కాచుకోవడానికి పొయ్యి ఉంటే చాలని రాశాడు. అన్నయ్యకి ఆయన టీతో పని లేదు.

ఆగస్టు 21

నేను చెయ్యనని తేలిపోయాక అన్నయ్య నాన్న దగ్గరికెళ్లాడు. మీరయితే మర్యాదగా రాస్తారు నాన్నా, నాలుగు ముక్కలు, అనివార్య కారణాల వల్ల అని పెట్టండి, అన్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. నాన్న రాస్తారనే అనుకున్నాను. ఆయన ఎప్పుడూ ఎవరినీ కాదన్నది చూడలేదు నేను.

నాన్న అన్నారు, "నేను చెప్పిన బస్సు రాకపోతే జనం బస్సుని తిట్టలేదురా. కిటికీలోకి తల పెట్టి నన్నే తిట్టారు. ముప్ఫై ఒక్కేళ్లు చాలు."

ట్యాబు తీసుకెళ్లి చార్జింగుకి పెట్టారు. అంతే. ఇది నా పక్షమా, ఎవరి పక్షమూ కాదా? ఆయన్ని నమ్మాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. రేపు తెల్లారి ఆ కిటికీ వెనక కూర్చుని ఏం రాస్తారో చూస్తే గానీ చెప్పలేను.

ఆగస్టు 22

ఏం రాలేదు.

ఆగస్టు 23

ఏం రాలేదు. అయిదింటికి లేవడం నా వల్ల అవుతుందని నాకే తెలీదు.

ఆగస్టు 24

అయిదూ ఇరవైకి ప్రశ్న వచ్చింది. నేను పక్క మీదే ఉన్నాను, ఫోన్ చేతిలో ఉంది. సెప్టెంబరు ఇరవై నుంచి ఆరు రోజులు వాటా దొరుకుతుందా, చెల్లెలికి చెయ్యి విరిగింది, అని ఒకావిడ. నేను ముట్టుకోలేదు. హాల్లో కుర్చీ జరిపిన చప్పుడైంది. ట్యాబు వెలుతురు తలుపు కింద నుంచి కనిపించింది. చాలాసేపు ఏమీ రాలేదు. ఆయనకి అలవాటైన తొమ్మిది నిమిషాలు దాటిపోయాయి. పదిహేను దాటాయి. అప్పుడొచ్చింది.

"నమస్కారం. మీ విచారణ అందినది. మెట్లు ఇరవై రెండు. చెయ్యి విరిగిన వారు నెమ్మదిగా ఎక్కగలరు. సెప్టెంబరులో వాటా ఉండునా లేదా అనునది మా అమ్మాయి చెప్పవలెను. ఎనిమిది గంటలకు లేచును."

సొరుగులో పెట్టలేదు. బల్ల మీదే వదిలేశారు.

నేను వెంటనే రాశాను. సెప్టెంబరు ఇరవై నుంచి ఆరు రోజులు వాటా ఉంటుందని, ఆ తర్వాత కూడా ఉంటుందని, మలుపు దగ్గర కమ్మీ ఈ వారంలో పెట్టిస్తున్నానని రాశాను. ఆవిడ ఆరు కాకముందే బుక్ చేసింది.

పది గంటలకి పళ్ల డాక్టరుకి ఫోన్ చేసి పై వాటా ఖాళీ లేదని చెప్తాను. ఆ మాట నేను చెప్పానని అన్నయ్యకి కూడా నేనే చెప్తాను. టైల్స్ కంపెనీకి వెళ్లను. తాళాలు రెండూ నా దగ్గరే ఉంటాయి. ఒక్క బుకింగూ రద్దు చెయ్యను.